ఏల చదువవలెను, ఎంతవఱకు చదువవలెను?

బాలికలకు విద్య యవసరమా కాదా యను వాదము మన తెలుగునాట ఏనాడో ముగిసినదని తలచువారు పెక్కురు కలరు. పైపైని చూచినచో వారి తలంపు నిజమే; ఏ పల్లెకు పోయి ఏ తండ్రి నడిగినను, ఆడపిల్లకు చదువు కూడదని మొగము మీద చెప్పువాడు నేడు కానరాడు, వేదికలపై నీ విషయమున మాఱుమాట పలుకువాడు మచ్చునకైనను లేడు. కాని పదవ తరగతి ఫలితములు వచ్చిన దినములలో ఆ తండ్రియే సాయంకాలమున అరుగు మీద కూర్చుండి, కూతురు వినుచుండగనే, "ఇంక దీని నెంతవఱకు చదివింతుము?" అని యింటిలోనివారి నడుగును. కుమారుని గూర్చి యతడడుగునది "ఏమి చదివింతుము" అని; కూతును గూర్చి యడుగునది "ఎంతవఱకు" అని. ఈ "ఎంతవఱకు" అను మాట యెచ్చటనుండి వచ్చినదని నేను చిరకాల మాలోచించితిని. ఆడపిల్ల యేల చదువవలెనను ప్రశ్నకు నూటయేబది సంవత్సరములుగా మన సంస్కర్తలును, ప్రభుత్వములును, శాస్త్రజ్ఞులును చెప్పుచు వచ్చిన సమాధానముల నొకమాఱు వరుసగా పెట్టి చూచినచో, ఈ రెండవ ప్రశ్న ఆ సమాధానముల కడుపుననే పుట్టినదని నాకు తోచినది. ఏ ప్రయోజనము చూపి బాలికను బడికి పంపితిమో, ఆ ప్రయోజనము తీఱినదని పెద్దలకు తోచిన దినమున ఆమెచేత పలక క్రింద పెట్టించితిమి. ఏ సమాధానము ఆమె నెంత దూరము నడిపించినది, ఎచ్చట నిలిపివైచినది యని విచారించుటయే యీ వ్యాసము పని.

విద్య మన స్త్రీలకు నిన్న మొన్న వచ్చినదనుట చరిత్రకు విరుద్ధము. సుభద్రాకల్యాణము రచించిన తాళ్లపాక తిమ్మక్క, రామాయణము రచించిన మొల్ల, తంజావూరు కొలువున వెలసిన రంగాజమ్మ, ముద్దుపళని, పదునెనిమిదవ శతాబ్దిలో తరిగొండ వెంగమాంబ, వీరందఱును తెలుగు చదువరి మఱవరాని పేరులు. అయితే వీరిలో బడికి పోయి చదివినవారు లేరు. తిమ్మక్కకు అన్నమాచార్యుని యిల్లే బడి. రంగాజమ్మకు విజయరాఘవనాయకుని యాస్థానమే బడి. వెంగమాంబకు వేంకటేశ్వరుని సన్నిధియే బడి. ఎవరి కే యదృష్టము పట్టినదో ఆ యదృష్టమే వారికి గురువు. అదృష్టము పట్టని వేలకొలది స్త్రీల మాట చరిత్రలో లేదు. పందొమ్మిదవ శతాబ్ది నాటికి సాహిత్యసంగీతములు కలావంతుల సొత్తనియు, సంసారి స్త్రీకి తగవనియు ఒక భావము గృహస్థుల యిండ్లలో గట్టిపడి యుండెను. పుస్తకము చేతబట్టిన కోడలిని చూచి అత్తగారు బెదరుటకు కేవలము అజ్ఞానమే కారణము కాదు. ఆమె యెఱిగిన లోకమున చదువుకొన్న స్త్రీ యనగా వేఱొక వృత్తి జ్ఞప్తికి వచ్చెడిది. సంస్కర్తలు ముందుగా ఎదుర్కొనవలసి వచ్చిన భయ మిదియే.

క్రైస్తవ మతప్రచారకులు తీరప్రాంతపు పట్టణములలో ఆడపిల్లల బడులు తెఱచినను, మతము మార్తురను శంకచే గృహస్థులు వెనుదీసిరి. ఇట్టి సమయమున 1874 సంవత్సరమున కందుకూరి వీరేశలింగము పంతులు ధవళేశ్వరమున బాలికాపాఠశాలను స్థాపించెను. ఆ యేటనే ప్రారంభించిన వివేకవర్ధని పత్రిక ఆయనకు ఆయుధమాయెను. కొక్కొండ వేంకటరత్నము పంతులు వంటి మహాపండితుడు ఆంధ్రభాషాసంజీవని యందు స్త్రీవిద్యను ప్రతిఘటించి వ్రాయుచుండ, ఈయన వివేకవర్ధనిలో ప్రత్యుత్తరము లిచ్చుచు, చదువు వలన స్త్రీ చెడదనియు, చదువుకొన్న యిల్లాలు సంసారమును చక్కగా దిద్దుకొని, బిడ్డలకు మంచి బుద్ధులు గఱపి, భర్తకు తగిన తోడు కాగలదనియు నిరూపింప యత్నించెను. 1883లో వెలువడిన సత్యవతీచరిత్రము ఈ సిద్ధాంతమునకు కథారూపము; చదువు నేర్చిన కోడలు తన యోర్పుచేతను వివేకముచేతను కుటుంబము నుద్ధరించుట యందలి వృత్తాంతము. అదే కాలమున స్త్రీల కొఱకై ఆయన నడపిన పత్రికకు సతీహితబోధిని యని పేరు. ఆ పేరులోనే సమాధానము కలదు: ఆమె సతి గనుక ఆమెకు బోధ.

ఈ సమాధానమును నేను చులకన చేయజాలను. ఎదుటివాడు ఏ భాషలో వినునో ఆ భాషలో చెప్పనిది సంస్కరణము సాగదు. భర్తకును బిడ్డలకును మేలని చెప్పనిదే నాడు ఒక్క తండ్రియైనను కూతును గడప దాటించి యుండడు. కాని ఇల్లు దిద్దుకొనుటకు కావలసిన చదువెంత? పద్దు వ్రాయుట, పురాణము చదువుట, పుట్టింటికి జాబు వ్రాయుట. దీనికి నాలుగైదు తరగతులు చాలును. పైగా ఆ నాలుగైదు తరగతులకును వయస్సేది? కన్యాశుల్కము 1897లో అచ్చైనప్పుడు గురజాడ అప్పారావు తన పీఠికలో, విజయనగరము మహారాజు ఆనందగజపతి తెప్పించిన ఒక పట్టికను ఉదాహరించెను. విశాఖపట్టణ మండలమున బ్రాహ్మణ కుటుంబములలో మూడేండ్లలో శుల్కము పుచ్చుకొని చేసిన పెండ్లిండ్లు అందు నమోదైనవి 1,034. వానిలో అయిదేండ్ల పెండ్లికూతులు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు 6, ఏడాది పాపలు ముగ్గురు. ఆ యంకెలను చదివినప్పుడెల్ల నాకు ధవళేశ్వరపు బడిలోని బల్లలు కన్నుల ముందు మెదలును. అక్షరాభ్యాసపు వయస్సునకే పసుపుతాడు పడిన పిల్ల, కాపురమునకు పోవు దినము వఱకు ఆ బల్ల మీద కూర్చుండవచ్చును. అది దాటి ఒక్క దినమును ఆమెది కాదు. భార్యగా తీర్చుటకే చదువైనచో, భార్య కాగానే చదువు ముగియుట న్యాయమే కదా యని లోకము తర్కించెను. తర్కమున దోషము లేదు; దోష మంతయు ప్రతిజ్ఞలోనే యున్నది.

ఈ ప్రతిజ్ఞనే మార్చిన వ్యక్తి బడి గడప త్రొక్కని ఒక స్త్రీ యగుట విశేషము. భండారు అచ్చమాంబ 1874లో, అనగా ఆ బాలికాపాఠశాల పుట్టిన యేటనే, కృష్ణామండలమున పెనుగంచిప్రోలున జన్మించినది. ఆఱవ యేట వివాహమైనది. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావు నాగపురమున చదువుచు ఆమె యింట నుండగా, ఆ తమ్ముని పుస్తకముల వెంటనే తానును తెలుగు, హిందీ, మరాఠీ నేర్చి, మఱికొన్ని భాషలలో ప్రవేశము సంపాదించినది. అక్కకు తమ్ముడు చదువు చెప్పిన యీ సంబంధము మన సాహిత్యచరిత్రలోని మధురమైన ఘట్టములలో నొకటి యని నా యభిప్రాయము. ఆ తమ్ముడు తరువాత ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకు శ్రీకారము చుట్టినవాడని చదువరు లెఱుగుదురు. అచ్చమాంబ పూర్వపు స్త్రీల చరిత్రలను దేశదేశముల గ్రంథములనుండి సేకరించి, 1901లో అబలాసచ్చరిత్రరత్నమాల ప్రకటించినది. స్త్రీలు స్వభావముచేతనే బుద్ధిహీనలను మాట అసత్యమని చూపుట ఆ గ్రంథపు ముఖ్యోద్దేశము. వీరేశలింగము పంతులు గారి వాదమునకును దీనికిని గల భేదము చిన్నది కాదు. స్త్రీ చదివినచో ఇతరులకేమి మేలని ఆయన చూపగా, స్త్రీకి బుద్ధి యున్నది గనుక చదువు ఆమెది యని అచ్చమాంబ చూపినది. మొదటిదానికి హద్దున్నది, రెండవదానికి లేదు. బుద్ధికి ఎంతవఱకని యెవరును కొలత వేయలేరు. ఈమె 1902లో మచిలీపట్టణమున బృందావనస్త్రీసమాజమును నెలకొల్పుటకు తోడ్పడి, హిందూసుందరి వంటి స్త్రీల పత్రికలకు వ్రాయుచు, ముప్పదియొక్క యేటికే 1905 ఆరంభమున కాలధర్మము నొందినది. మఱి యిరువదేండ్లు ఆమె జీవించియుండిన, తెలుగునాట ఈ ప్రశ్న వేఱొక మార్గమున నడచియుండెడిదని నా మనస్సునకు తోచుచుండును.

ఆమె వెనుక వచ్చిన కాలమున బడులు విరివిగా పుట్టినవి. ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో గుంటూరున శారదానికేతనమును, పొణకా కనకమ్మ 1923లో నెల్లూరున కస్తూరిదేవీ విద్యాలయమును స్థాపించిరి. కనకమ్మ తాను బడిలో చదివినది కాదు. తనకు దొరకనిదానిని ఊరి పిల్లలకు పెట్టినది. 1929లో గాంధీమహాత్ముడు వచ్చి ఆ విద్యాలయ భవనమునకు శంకుస్థాపన చేసెను. నిజాము రాజ్యమున చిక్కు వేఱుగ నుండెను. హైదరాబాదున 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూలో బోధించుచుండ, తెలుగు బాలికకు తన భాషలో ఉన్నతపాఠశాల చదువే లేదు. మాడపాటి హనుమంతరావు 1928లో ఆంధ్రబాలికల పాఠశాలను స్థాపించి, స్థానికముగా తెలుగు మాధ్యమమునకు గుర్తింపు లేకపోగా, పూనాలో కార్వే పండితుడు 1916లో నెలకొల్పిన మహిళా విశ్వవిద్యాలయముతో దానికి సంబంధము కల్పించెను. నారాయణగూడలో కూర్చుండి తెలుగున చదివిన పిల్ల పూనా విశ్వవిద్యాలయపు పరీక్షకు పోవలసివచ్చుట యెంత విడ్డూరమో, ఆ పిల్లలను ఆ పరీక్షకు సిద్ధపఱచిన ఉపాధ్యాయుల పట్టుదల యంత పూజనీయము. ఆ నగరముననే భాగ్యరెడ్డివర్మ ఆదిహిందువుల పిల్లలకు, బాలురకును బాలికలకును, 1910 ప్రాంతమునుండి పాఠశాలలు పెట్టించుచు వచ్చెను. స్త్రీవిద్యాచరిత్రను వ్రాయువారు ఆయన నొక పంక్తిలో దాటిపోవుదురు, అది తప్పు. సంస్కర్తల బడులలో చేరగలిగినది చాలవఱకు అగ్రవర్ణపు పిల్ల. పొలము కూలికి పోవు తల్లి బిడ్డకు బడి యొక్క గుమ్మమే రెండు కట్టుబాట్లు దాటి చేరవలసినది, ఒకటి ఆడదగుట, రెండవది ఆ కులమున పుట్టుట.

దుర్గాబాయి దేశముఖు జీవితము ఈ కథలో ఒక మలుపు. 1909లో రాజమహేంద్రవరమున పుట్టి, ఎనిమిదవ యేట పెండ్లియై, ఊహ తెలిసిన పిదప ఆ సంబంధమును కాదని వచ్చి, ఆంగ్లమాధ్యమమునకు నిరసనగా పండ్రెండవ యేట బడి మాని, తానే బాలికలకు హిందీ పాఠశాల నడపి, కారాగారవాసము చేసి, ఆ తరువాత మొదటినుండి చదువు నారంభించి కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను, ఆంధ్రవిశ్వకళాపరిషత్తు పట్టము, మదరాసున న్యాయశాస్త్రము పూర్తిచేసినది. 1937లో మదరాసున ఆమె నెలకొల్పిన ఆంధ్రమహిళాసభ ముఖ్యముగా చేసిన పని యేమి? బాల్యమున చదువు తెగిపోయిన స్త్రీలను, వితంతువులను, భర్త విడిచినవారిని చేరదీసి, రెండేండ్లలో కాశీ మెట్రిక్యులేషనుకు కూర్చుండబెట్టుట. ఇది మిక్కిలి సూక్ష్మమైన యాలోచన. తెగిన దారమును తెగినచోటనే ముడివేయవచ్చునని, వయస్సు మీఱినదను మాట చదువునకు అడ్డు కారాదని, తన బ్రతుకే తార్కాణముగా ఆమె చూపినది. 1958లో భారతప్రభుత్వము నియమించిన జాతీయ స్త్రీవిద్యాసంఘమునకు ఆమెయే అధ్యక్షురాలు. స్త్రీవిద్యను కొంతకాలము ప్రత్యేక సమస్యగా పరిగణించి, పురుషులకును స్త్రీలకును విద్యలో గల యంతరమును శీఘ్రముగా తొలగింపవలెనని ఆ సంఘము 1959లో నివేదించినది.

ఆ యంతర మెంత? 1901 జనాభా లెక్కలలో భారతదేశమున అక్షరములు వచ్చిన స్త్రీలు నూటికి ఒక్కరైనను లేరు. స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1951లో నూటికి తొమ్మండ్రు. ఆంధ్రప్రదేశమున 1961లో పండ్రెండుగురు. 2011లో ఆ యుమ్మడి రాష్ట్రముననే యేబదితొమ్మండ్రు, పురుషులు డెబ్బదియైదుగురు. అదే యేట కేరళమున స్త్రీలు తొంబదియిద్దఱు. మనము నడచిన దూరము పెద్దది. పొరుగువాడు నడచిన దూరముతో పోల్చుకొన్నపుడు మాత్రము తల యెత్తుకొనుట కష్టము.

అయితే అక్షరాస్యత యను నీ యంకె యేమి చెప్పును, ఏమి చెప్పదు అనుటకు నెల్లూరు జిల్లాలో జరిగినదానికన్న మంచి యుదాహరణము నాకు తెలియదు. 1991 ప్రాంతమున అచ్చట సంపూర్ణాక్షరాస్యతోద్యమము సాగినది. పగలెల్ల పొలము పని చేసి వచ్చిన కూలి స్త్రీలు రాత్రులందు దీపము చుట్టు చేరి వాచకము పట్టిరి. ఆ వాచకములో సీతమ్మ కథ యను పాఠమున్నది; త్రాగుబోతు భర్త చేతిలో ఒక యిల్లాలు పడిన పాట్లు అందలి విషయము. సీతమ్మ యెవరని చదువు చెప్పువాడు అడుగగా, మేమే సీతమ్మల మనిరి. ఆ కాలమున ప్రభుత్వమే వారుణివాహిని యను పేర సారాయిని పొట్లములలో నింపించి పల్లెపల్లెకు పంపుచుండెను. కూలి డబ్బు చేతబడిన గంటకే దుకాణము చేరెడిది. కలిగిరి ప్రాంతపు దూబగుంటలో స్త్రీలు తమ యూరి సారాయి దుకాణమును మూయించిరి. దూబగుంట రోశమ్మ పేరు నాడు రాష్ట్రమంతట మాఱుమ్రోగినది. ఆ ముచ్చట "ఆడవాళ్ళు ఏకమైతే" అను పాఠమై తరువాతి వాచకమున అచ్చుపడగా, దానిని చదివిన యూరూర దుకాణములు మూతబడజొచ్చినవి. వేలముపాటలు జరుగకుండ స్త్రీలు కచేరీల యెదుట బైఠాయించిరి. చదివిన పాఠము పనియైనది. ఆ పని మరల పాఠమైనది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారాయి నిషేధింపబడినది. తరువాత వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము కొన్ని యేండ్లకే సడలిపోయిన కథ వేఱు. దానిలో ఆ స్త్రీల దోషము లేదు.

నేను చెప్పదలచినది యిది. ఆ వాచకములను తయారుచేసినవారు సహృదయులే గాని, ప్రభుత్వము దృష్టిలో ఆ చదువునకు హద్దు ముందే గీయబడి యున్నది: వ్రేలిముద్ర పోయి సంతకము రావలెను, బిడ్డలకు టీకాలు వేయింపవలెను, కుటుంబము చిన్నది కావలెను. ఆ హద్దు దాటి ఆ స్త్రీలు ఖజానా కడుపు మీద చేయి వేసిరి. ఎవరో తమకొఱకు నిర్ణయించిన ప్రయోజనమునకు గాక, తాము నిర్ణయించుకొన్న ప్రయోజనమునకు అక్షరమును వాడుకొనిరి. స్త్రీవిద్య యొక్క ఫలితమును లెక్కించు ఏ పట్టికలోను ఇట్టిదానికి గడి యుండదు.

పట్టికల నడుమ జీవించు శాస్త్రజ్ఞుల మాటయు చెప్పవలెను. తల్లి చదువునకును బిడ్డ ప్రాణమునకును గల సంబంధమును కాల్డ్వెల్ అను జనాభాశాస్త్రజ్ఞుడు 1979లో నైజీరియా లెక్కలతో చూపిన నాటినుండి దానిని కాదన్నవారు అరుదు. 2010లో వెలువడిన ఒక బృహత్పరిశోధనము 175 దేశముల లెక్కలు పరిశీలించి, 1970 నుండి 2009 వఱకు తగ్గిన శిశుమరణములలో సగమునకు స్త్రీల విద్యాభివృద్ధియే కారణమని తేల్చినది. చదివిన తల్లి బిడ్డకు విరేచనము పట్టినపుడు నీరు మాన్పింపదు. జ్వరము హెచ్చినచో అత్తగారి యనుమతికై వేచియుండక ఆసుపత్రికి పోవును. మందు చీటిమీది మాట చదువుకొనును. ఇవి లక్షల ప్రాణములు నిలుపు సంగతులు. నేను వీనిని శిరసావహింతును. అయినను వీరేశలింగము పంతులు గారి కాలపు సమాధానమే యిచ్చట అంకెల వస్త్రము కట్టుకొని వచ్చినదని గుర్తింపక తప్పదు. తల్లి కాని స్త్రీ మాట యేమి? తల్లి యగుటకు పదవ తరగతి చాలునని రేపొక పరిశోధనము తేల్చినచో, పదునొకండవ తరగతి యెవరి కొఱకు?

ఈ ప్రశ్నను ఊహాగానమని త్రోసిపుచ్చరాదు, ఏలయనగా మన శాసనముల యందే ఇట్టి గీత యొకటి యున్నది. 2009లో పార్లమెంటు చేసి 2010 ఏప్రిల్ 1 నుండి అమలుపఱచిన విద్యాహక్కు చట్టము ఆఱేండ్లనుండి పదునాలుగేండ్ల వఱకు ఉచితనిర్బంధవిద్య నిచ్చుచున్నది. ఆడపిల్ల వివాహమునకు 1929 నాటి శారదా చట్టము పదునాలుగేండ్లు హద్దు పెట్టగా, 1978లో అది పదునెనిమిదికి పెరిగినది. హక్కుగా వచ్చు చదువు పదునాలుగున ముగియును. పెండ్లికి పదునెనిమిది రావలెను. ఈ నడిమి నాలుగేండ్లు ఆ పిల్ల యెక్కడ నుండవలెను? బడి తనది యని చట్టము చెప్పదు. అత్తవారిల్లు కూడదని చట్టము చెప్పును. ఇంటను పొలమునను చాకిరి చేయుచు, ఇరుగుపొరుగుల చూపులకు వెఱచు తలిదండ్రుల కాపలాలో నుండు ఈ నాలుగేండ్లే మన సమస్య యంతయు. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో ఇరువదికిని ఇరువదినాలుగుకును నడుమ వయస్సు గల స్త్రీలలో పదునెనిమిది నిండకముందే పెండ్లియైనవారు ఆంధ్రప్రదేశమున నూటికి ఇరువదితొమ్మండ్రు, తెలంగాణమున ఇరువదిమువ్వురు. దేశపు సగటును మించి ఆంధ్రప్రదేశ మున్నది. చదువుల రాష్ట్రమని చెప్పుకొను మనకు ఈ యంకె తగినది కాదు.

ఆ యేండ్లలో ఆడపిల్ల చేతికి ధర యుండుట మఱొక యిక్కట్టు. కర్నూలు, మహబూబునగరము ప్రాంతములలో సంకరజాతి ప్రత్తివిత్తనము పండించు చేలను చూచినవా రెఱుగుదురు. దానిని అచ్చట క్రాసింగు పని యందురు. ఒక మొక్క మీది మొగ్గనుండి పుప్పొడికాడలను సాయంకాలమున గోటితో ఒలిచి, మఱునాటి యుదయమున వేఱొక మొక్క పూవును దానికి రాచి గర్భము నిలుపవలెను. మొగ్గ మొగ్గకును ఇట్లు నెలల తరబడి చేయవలెను. చిన్నవ్రేళ్లు, మొక్క యెత్తునకు సరిపోవు పొట్టి శరీరము, ఎదురు చెప్పని నోరు కావలెను గనుక, ఏడేండ్లనుండి పదునాలుగేండ్ల ఆడపిల్లలను రైతులు తలిదండ్రులకు బయానా లిచ్చి ముందుగానే కుదుర్చుకొనెడివారు. బడి తెఱచిన ఋతువే క్రాసింగు ఋతువు. రంగారెడ్డి జిల్లాలో శాంతాసిన్హా నాయకత్వమున యం.వి. ఫౌండేషనువారు 1991 నుండి చేసిన కృషి ఈ విషయమున మన కనులు తెఱపించినది. పేదరికము వలన పిల్లలు పనికి పోవుదురను మాటను వారు తలక్రిందులు చేసి, బడిలో లేని ప్రతి బిడ్డయు పనిలో నున్న బిడ్డయే యనిరి. ఇంట తమ్ముని నెత్తుకొనుట, నీరు మోయుట, గొడ్లు కాయుట పని కాదని లెక్కలలో వదలివేయబడిన ఆడపిల్లలు ఆ నిర్వచనముతో ఒక్కమాఱుగా లెక్కకు వచ్చిరి. బడి యెఱుగని పెద్దపిల్లలను కొన్నినెలలు శిబిరమున నుంచి, వారి వయస్సుకు తగిన తరగతిలోనే చేర్చుట వారి పద్ధతి. దుర్గాబాయమ్మ మదరాసున చేసినదానికి ఇది చెల్లెలి వంటిది.

ఇట్టి యనుభవముల వెలుగున చూచినచో, తలిదండ్రుల మూఢత్వమును తిట్టుటకన్న బడికిని ఇంటికిని నడిమి దూరమును కొలుచుట మేలు. ఊరిలో ప్రాథమికపాఠశాల యుండును; ఉన్నతపాఠశాల మూడు మైళ్లుండును; ఇంటరు కళాశాల మండలకేంద్రమున నుండును. ఒక్కొక్క మెట్టునను దూరము పెరుగును, పిల్ల వయస్సును పెరుగును, తండ్రి భయమును పెరుగును. బీహారు ప్రభుత్వము 2006లో తొమ్మిదవ తరగతి చేరిన బాలికలకు సైకిళ్లు కొనుటకు ధన మిచ్చినది. కార్తీక్ మురళీధరన్, నిషీత్ ప్రకాశ్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు పరిశీలించి, ఆ వయస్సు బాలికల చేరిక నూటికి ముప్పదిరెండు వంతులు పెరిగినదనియు, బాలబాలికల నడిమి యంతరము నలుబది వంతులు తగ్గినదనియు చూపిరి. రెండు చక్రములు, ఒక గంట. వీరేశలింగమునుండి నేటివఱకు చెప్పిన యుపన్యాసములలో నెన్నియో చేయలేనిది అవి చేసినవి. మఱుగుదొడ్డి తలుపునకు గడియ లేని బడిలో, నెలలో నాలుగు దినములు పిల్ల రాకపోవుటకు ఏ యుపన్యాసము మందు? 2004లో వచ్చిన కస్తూర్బాగాంధీ బాలికావిద్యాలయములు దూరమునే తుడిచివైచినవి, ఏలయన అచ్చట బడియే యిల్లు. కాని అవియును మొదట ఎనిమిదవ తరగతితో ఆగిపోయినవి. పండ్రెండవ తరగతి వఱకు పెంచుట 2018 తరువాతి మాట. ఆ పదునాలుగు సంవత్సరములలో ఎనిమిది చదివి ట్రంకుపెట్టెతో ఇంటికి తిరిగిన పిల్లలలో ఎందఱు మరల పుస్తకము పట్టిరో!

ఇంటిలోపలి గీతలు ఇంకను సన్ననివి. ఒకే యింట అన్న పచ్చబస్సెక్కి ప్రైవేటు బడికి పోవును, చెల్లెలు నడచి సర్కారు బడికి పోవును. ఆ తల్లి నడిగిన "ఇద్దఱును చదువుచునే యున్నారు కదా" యనును, లెక్కల పుస్తకమునను ఇద్దఱును చదువుచున్నవారే. కొంచెము కలిగిన కుటుంబములలో బాలికలు ఇంజనీరింగు చదివి అమెరికాకు పోవుట నేడు మన యూళ్లలో వింత కాదు. అది సంతోషించవలసిన మార్పు. అయితే ఎక్కువ చదివిన పిల్లకు అంతకన్న ఎక్కువ చదివిన వరుడు, ఆ వరునకు తగిన కట్నము కావలెనని తండ్రి లెక్కవేసి, ఫీజును కట్నమును ఒకే పద్దులో వ్రాసికొనుచున్నాడు. 1986 శాసనము ఆంధ్రప్రదేశమున కూతునకు ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమారునితో సమానభాగ మిచ్చినది. దేశమంతటికి ఆ న్యాయము 2005 గాని రాలేదు. భాగ మడిగిన యాడుబిడ్డను పుట్టింటివారు ఎట్లు చూతురో యెఱిగినవారికి, ఆ శాసనము కాగితము దాటి యెంత దూరము నడచినదో చెప్పనక్కఱలేదు. ఆస్తి రాని చోట చదువొక్కటే ఆమె చేతికి వచ్చు భాగము. అందును కోత పెట్టుట యెంత యన్యాయము!

మా మాతామహి సంగతి చెప్పి ముగింతును. ఆమె మా తాతగారు పనికి పోయిన పిదప మధ్యాహ్నమున వసారాలో కూర్చుండి పోతన భాగవతమును గొంతెత్తి చదివెడిది. ఇరుగు పొరుగు అమ్మలక్కలు చేరి వినెడివారు. అంత చక్కగ చదువు నామె, పొలము కాగితము మీద వ్రేలిముద్ర వేయుట నా చిన్ననాట ఒకమాఱు చూచి నేను నివ్వెఱపోయి అడిగితిని. "మా నాయన చదవడం నేర్పించాడురా, రాయడం నేర్పించలా. రాయడం వస్తే ఎవరికేం ఉత్తరాలు రాస్తుందోనని భయం," అని ఆమె నవ్వినది. చదువుటకు ఆమెకు అనుజ్ఞ యున్నది, వ్రాయుటకు లేదు. అరువదేండ్లు ఆమె ఆ గీత కీవలనే యుండినది. ఆ భాగవతము ఇప్పుడు నా యొద్ద నున్నది. ప్రహ్లాదుని కథలోను, రుక్మిణి సందేశము పంపిన ఘట్టమునను, ఇంక అక్కడక్కడ ఎవరికిని ప్రసిద్ధములు కాని కొన్ని పద్యముల ప్రక్కను, అంచున పసుపుతో పెట్టిన చుక్కలున్నవి. కొన్నిచోట్ల ఒక చుక్క, కొన్నిచోట్ల రెండు, ఒకచోట మూడు. ఏ పద్యము ఆమెకు నచ్చినదో వానివలన తెలియుచున్నది. ఆ పద్యమును గూర్చి ఆమె యేమనుకొన్నదో ఆ యంచులలో ఎచ్చటను లేదు.